బైపాప్ రోగి ఊపిరిని ఎలా పసిగడుతుంది, ఎలా స్పందిస్తుంది: సెట్టింగుల సమగ్ర మార్గదర్శి

బైపాప్ అంటే మాస్కు ద్వారా రెండు స్థాయిల ప్రెషర్‌తో గాలి పంపి ఊపిరికి సాయపడే మెషీన్. మాస్కు పెట్టాక రోగి మెషీన్‌తో కుస్తీ పడుతుంటే వార్డుల్లో సాధారణంగా మొదట జరిగేవి రెండు. ట్రిగ్గర్‌ను (రోగి ఊపిరి తీయడం మొదలుపెట్టాడని మెషీన్ పసిగట్టే హద్దును) ఇంకాస్త సున్నితం చేస్తారు, లేదంటే ఐపాప్ (ఊపిరి తీసేటప్పుడు ఇచ్చే ఎక్కువ ప్రెషర్) పెంచుతారు. ఎక్కువసార్లు ఆ రెండింటివల్లా గొడవ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎందుకంటే మెషీన్‌కు రోగి కనిపించడు. గొట్టంలోకి తాను పంపుతున్న గాలి ఒక్కటే దానికి తెలుసు. అందులో ఊపిరితిత్తుల్లోకి పోయిందెంత, బయటికి కారిపోయిందెంత అన్నది కేవలం దాని అంచనా. ఆ అంచనా తప్పితే దానిమీద ఆధారపడ్డ ప్రతి సెట్టింగూ తప్పుతుంది. అందుకే సర్దుబాటుకు ఒక క్రమం ఉంది: ముందు సర్క్యూట్ (గొట్టం, మాస్కు జత), తరవాత లీకు, ఆ తరవాతే ట్రిగ్గర్, మిగతావి.

ఇది ఐసీయూ, ఎమర్జెన్సీ వార్డుల్లో పనిచేసే నర్సులకు, టెక్నీషియన్లకు, డ్యూటీ డాక్టర్లకు రాసినది. ఇంట్లో బైపాప్ వాడేవారి కుటుంబసభ్యులకు మాస్కు, లీకు గురించిన భాగాలు నేరుగా పనికొస్తాయి. ప్రెషర్లు, రేటు మాత్రం డాక్టరే మార్చాలి.

మెషీన్‌కు నిజంగా కనిపించేది

పెట్టెలో ఒక టర్బైన్ బ్లోయర్, దాని బయటి దారిలో ఒక ఫ్లో సెన్సర్, ఒక ప్రెషర్ సెన్సర్ ఉంటాయి. మామూలు బైపాప్‌లో ఇంతే. ఛాతీ మీద గానీ, ముక్కు దగ్గర గానీ సెన్సర్ ఉండదు. గొట్టం కూడా ఒక్కటే. రోగి వదిలిన గాలి వెనక్కి మెషీన్‌లోకి రాదు, మాస్కు మీదో గొట్టం చివరో ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ఆ రంధ్రాలు కావాలని పెట్టిన లీకు. వాటిలోంచి గాలి ఊపిరి తీసేటప్పుడూ, వదిలేటప్పుడూ ఆగకుండా పోతూనే ఉంటుంది.

చిల్లు ఉన్న బిందెలో నీళ్లు పోస్తూ, ఎన్ని నిలిచాయో పోసిన ధారను చూసి చెప్పమన్నట్టు ఉంటుంది మెషీన్ పరిస్థితి. చిల్లు ఎంతదో తెలిస్తేనే లెక్క కుదురుతుంది.

మెషీన్ ఈ లెక్కను రెండు ఆధారాలతో చేస్తుంది. మొదటిది, రంధ్రంలోంచి పోయే గాలి ప్రెషర్ వర్గమూలానికి దాదాపు అనులోమంగా ఉంటుంది. రెండోది, కొన్ని శ్వాసల సగటు తీస్తే లోపలికి పోయినదీ బయటికి వచ్చినదీ సమానం కాబట్టి, సగటు మొత్తం ఫ్లోలో మిగిలేదంతా లీకే.

లెక్క వేసి చూద్దాం. ఒక మాస్కు రంధ్రాల్లోంచి 4 సెం.మీ. నీటి పీడనం దగ్గర నిమిషానికి 20 లీటర్లు పోతున్నాయనుకోండి. (ఇకముందు ప్రెషర్లన్నీ సెం.మీ. నీటి పీడనంలో, ఫ్లోలన్నీ నిమిషానికి లీటర్లలో.) ఈపాప్ (ఊపిరి వదిలేటప్పుడు ఉండే తక్కువ ప్రెషర్) 5 దగ్గర ఈ లీకు సుమారు 22, ఐపాప్ 15 దగ్గర 39. మాస్కు బాగా అతుక్కుని, రోగి ఊపిరి వదలడం పూర్తిచేసి ఆగి ఉంటే మెషీన్‌కు 22 కనిపిస్తుంది. అదే దాని సున్నా గీత. రోగి 6 లీటర్ల వేగంతో పీలిస్తే 28 కనిపిస్తుంది. 28లోంచి 22 తీసేసి, ‘రోగి ఊపిరి తీస్తున్నాడు’ అని నిర్ణయించి ప్రెషర్‌ను 15కు పెంచుతుంది.

ఇప్పుడు రోగి తల తిప్పాడు, మాస్కు పక్కనుంచి 8 లీటర్లు కారాయి. మెషీన్‌కు 30 కనిపిస్తుంది. రోగి ఏమీ చేయకపోయినా అది ట్రిగ్గర్ అవుతుంది. కొన్ని శ్వాసల్లో మెషీన్ కొత్త లీకును నేర్చుకుని సున్నా గీతను 30కి జరుపుతుంది. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి పట్టీ సరిచేస్తే లీకు 22కి పడుతుంది. రోగి 6 లీటర్లతో పీల్చినా కనిపించేది 28, అంటే గీతకు కిందే. ఆ ప్రయత్నం వృథా. మాస్కు సరిచేశాక తొలి అరనిమిషం తేడాగా కనిపించడం మామూలే. ఆ కాసేపట్లో సెట్టింగులు ముట్టుకోకండి.

అడుగు 1: సర్క్యూట్, మాస్కు జత సరిచూడండి

ప్రాణాల మీదికి వచ్చే పొరపాటు ఇక్కడే ఉంది. రంధ్రాలున్న మాస్కును వెంటెడ్ అనీ, లేనిదాన్ని నాన్‌వెంటెడ్ అనీ అంటారు. నాన్‌వెంటెడ్ మాస్కుల ఎల్బో (గొట్టం తగిలించే వంపు ముక్క) చాలా కంపెనీల్లో నీలం రంగులో ఉంటుంది.

ఒకే గొట్టం ఉన్న బైపాప్‌కు నాన్‌వెంటెడ్ మాస్కు పెట్టి, గొట్టంలో ఎక్సలేషన్ పోర్ట్ (వదిలిన గాలి పోయే రంధ్రాలున్న ముక్క) పెట్టకపోతే వదిలిన గాలి పోవడానికి దారే ఉండదు. రోగి తన కార్బన్ డయాక్సైడ్‌నే తిరిగి పీలుస్తాడు. రెండు గొట్టాల ఐసీయూ వెంటిలేటర్‌లో ఎన్‌ఐవీ (మాస్కు వెంటిలేషన్) మోడ్ వాడుతూ వెంటెడ్ మాస్కు పెడితే అది ఎప్పటికీ ఆగని లీకు. అలారాలు మోగుతూనే ఉంటాయి, ట్రిగ్గర్ తడబడుతుంది. వెంటెడ్ మాస్కు ఉండగా గొట్టంలో ఇంకో పోర్ట్ కూడా పెట్టేయడం మూడో పొరపాటు. దాంతో కావాలని పెట్టిన లీకు రెట్టింపవుతుంది.

ఒకే గొట్టం సర్క్యూట్‌లో ఈపాప్ 4 కంటే తగ్గించకూడదు. అంతకంటే తక్కువైతే వదిలిన గాలిని రంధ్రాల్లోంచి తోసేసేంత ప్రవాహం ఉండదు.

తరవాత మెషీన్‌కు ఏం తగిలించారో దానికి చెప్పండి. ఫిలిప్స్ వీ60లో మాస్కు మీద ముద్రించిన లీకు అంకె, ఎక్సలేషన్ పోర్ట్ రకం ఎంచుకోవాలి, అడిగినప్పుడు పోర్ట్ టెస్ట్ చేయాలి. రెస్‌మెడ్ ఇంటి మెషీన్లలో మాస్కు రకం, గొట్టం రకం మెనూలో ఉంటాయి. కొన్నింటిలో ‘లెర్న్ సర్క్యూట్’ (తగిలించిన సర్క్యూట్‌ను మెషీన్ కొలుచుకునే పరీక్ష) ఉంటుంది, దాన్ని హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపేది), ఫిల్టర్ అన్నీ తగిలించాకే చేయాలి. మధ్యలో ఫిల్టర్ చేర్చితే మళ్లీ చేయాలి. తడిసిన ఫిల్టర్ కూడా ఫ్లోకు అడ్డం వచ్చి ట్రిగ్గర్‌ను మందగింపజేస్తుంది.

అడుగు 2: లీకును అదుపులోకి తెండి

రోగిని 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో కూర్చోబెట్టి, పట్టీలు వదులుగా ఉండగానే మాస్కును చేత్తో ముఖానికి పట్టుకుని మెషీన్ ఆన్ చేయండి. రెండు మూడు నిమిషాలు రోగి అలవాటు పడ్డాక పట్టీలు బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. లీకు ఉందని బిగిస్తూ పోతే సిలికాన్ కుషన్ ముడతపడి లీకు ఇంకా పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. చాలాసార్లు ఒక సైజు చిన్న మాస్కే జవాబు.

లీకు ఎక్కడ పుడుతుందో ఊహించవచ్చు. కట్టుడు పళ్లు తీసేసిన వృద్ధుల్లో బుగ్గలు లోపలికి పోయి పక్కల నుంచి కారుతుంది. పళ్లు వదులై గొంతుకు అడ్డుపడే భయం లేకపోతే వాటిని పెట్టే ఉంచడం నయం. రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఉంటే కుషన్ కింద అది దాటే చోట చిన్న కాలువలా సందు ఏర్పడుతుంది, అక్కడ మెత్తని డ్రెస్సింగ్ ముక్క పెట్టాలి. గుబురు గడ్డానికి ఏ మాస్కూ సరిగా అతకదు. ముక్కు మాస్కు వాడే రోగి నిద్రలో నోరు తెరిస్తే గడ్డం పట్టీ కట్టాలి, లేదా ముక్కునూ నోటినీ కప్పే మాస్కుకు మారాలి. కళ్లలోకి గాలి కొడుతుంటే పైపట్టీ కాకుండా ముందు మాస్కు ఎత్తు సరిచూడండి.

తెర మీది లీకు అంకెను చదివేముందు అది ఏ లీకో తెలుసుకోండి. రెస్‌మెడ్ మెషీన్లు అనుకోని లీకును మాత్రమే చూపిస్తాయి, అక్కడ 24 దాటితే పట్టించుకోవాలి. మొత్తం లీకు చూపించే మెషీన్లలో 35 కనిపించినా రంధ్రాల వాటా తీసేస్తే అది మామూలే కావచ్చు. ఒక అంకెను ఇంకో మెషీన్‌కు అన్వయించి కంగారుపడేవాళ్లు చాలామంది.

లీకు సున్నా కావాలన్న పట్టుదల అక్కర్లేదు. నిలకడగా ఉండే 15 లీటర్ల లీకును మెషీన్ సులువుగా లెక్కగట్టుకుంటుంది. 5 నుంచి 20 మధ్య ఊగిసలాడే లీకే దాన్ని తికమక పెడుతుంది.

అడుగు 3: మొదలుపెట్టే అంకెలు

సీఓపీడీ (గాలిదారులు ఇరుకై గాలి బయటికి పోని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి కార్బన్ డయాక్సైడ్ పెరిగిన రోగికి ఈపాప్ 4–5, ఐపాప్ 12–15తో మొదలుపెట్టి, ఓర్చుకుంటుంటే 10–30 నిమిషాల్లో ఐపాప్‌ను 20 దాకా తీసుకెళ్లవచ్చు. ఊపిరికి నిజంగా దక్కే సాయం ఐపాప్‌లోంచి ఈపాప్ తీసేయగా మిగిలేది. ఐపాప్ 12, ఈపాప్ 8 అంటే సాయం 4 మాత్రమే. అందుకే ఈపాప్ ఎంత పెంచితే ఐపాప్ కూడా అంత పెంచాలి. వీరికి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) లక్ష్యం 88–92 శాతం.

స్పృహ లేనివారికి, వాంతులు అవుతున్నవారికి, ముఖానికి పెద్ద గాయమున్నవారికి మాస్కు వెంటిలేషన్ మొదలుపెట్టే ముందు సీనియర్‌ను పిలవండి.

అడుగు 4: ట్రిగ్గర్

ఫ్లో ట్రిగ్గర్ సూటిగా ఉంటుంది: అంచనా వేసిన రోగి ఫ్లో ఒక హద్దు దాటితే ఐపాప్ మొదలు. రెస్‌మెడ్ బైలెవెల్ (బైపాప్ తరహా) మెషీన్లలో ‘మీడియం’ అంటే 6, ‘హై’ అంటే 4, ‘వెరీ హై’ అంటే 2.4, ‘లో’ అంటే 10, ‘వెరీ లో’ అంటే 15 లీటర్లు. ఇక్కడ ‘హై’ అంటే సున్నితత్వం ఎక్కువ, హద్దు తక్కువ. తిరగేసి అర్థం చేసుకుంటే సమస్య రెట్టింపవుతుంది.

ఫిలిప్స్ రెస్పిరోనిక్స్ వారి ఆటో-ట్రాక్ పద్ధతి వేరు. లీకు గీతకు పైన 6 మి.లీ. గాలి పోగైతే ట్రిగ్గర్ అవుతుంది. దాంతోపాటు ఫ్లో సిగ్నల్‌కు ఒక నకలు తయారుచేసి, 300 మిల్లీసెకన్లు ఆలస్యంగా, 15 లీటర్ల తేడాతో పక్కన నడుపుతుంది. అసలు ఫ్లో హఠాత్తుగా మలుపు తిరిగి ఆ నకలును దాటితే రోగి ఊపిరి వదలడం నుంచి తీయడానికో, తీయడం నుంచి వదలడానికో మారాడని అర్థం చేసుకుంటుంది. లీకు నెమ్మదిగా మారితే నకలు కూడా దానివెంటే జరుగుతుంది కాబట్టి తప్పుడు ట్రిగ్గర్లు తగ్గుతాయి. అందుకే ఈ మెషీన్లలో సున్నితత్వం అంకె మార్చే పని చాలాసార్లు పడదు.

ట్రిగ్గర్ సరిగా ఉందో లేదో చూడటానికి తెర కన్నా చెయ్యి మేలు. రోగి పొట్టమీద అరచెయ్యి పెట్టి, నిమిషంపాటు రోగి ప్రయత్నాలు లెక్కపెట్టండి. తరవాత మెషీన్ చూపే రేటుతో పోల్చండి.

రోగి 28, మెషీన్ 18 అయితే పది ప్రయత్నాలు వృథా అవుతున్నాయి. ఫ్లో గీత మీద ఊపిరి వదిలే భాగంలో చిన్న నొక్కులా కనిపించి, ప్రెషర్ పెరగకపోతే అది వృథా ప్రయత్నమే. సీఓపీడీలో దీనికి సాధారణ కారణం ట్రిగ్గర్ మొద్దుగా ఉండటం కాదు, ఊపిరితిత్తుల్లో చిక్కుకుపోయిన గాలి. లోపల 8 ప్రెషర్ మిగిలి, ఈపాప్ 4 ఉంటే, రోగి ముందుగా 4 సెం.మీ. లాగితే గానీ మాస్కు దగ్గర ఒక్క చుక్క గాలి కదలదు. గాలి కదలనిదే ఎంత సున్నితమైన సెన్సర్ అయినా ఏం పసిగడుతుంది? మందు ఈపాప్‌ను ఒక్కో సెం.మీ. చొప్పున పెంచడం, దానితోపాటు ఐపాప్ కూడా. ప్రతిసారీ వృథా ప్రయత్నాలు తగ్గాయా అని లెక్కపెట్టండి. అవసరానికి మించిన ఐపాప్ కూడా పెద్ద పెద్ద ఊపిర్లు ఇచ్చి గాలిని ఇంకా చిక్కుకునేలా చేస్తుంది. అలాంటప్పుడు ఐపాప్ తగ్గిస్తే ట్రిగ్గర్ బాగుపడుతుంది, చూసేవారికి అది వింతగా తోచినా.

రోగి 20, మెషీన్ 34 అయితే మెషీన్ తనంత తానే ట్రిగ్గర్ అవుతోంది. మాస్కు అంచులను చేత్తో మెల్లగా అదిమి పట్టుకోండి. రేటు వెంటనే దిగితే కారణం లీకే. దిగకపోతే గొట్టంలో నీళ్లున్నాయేమో చూడండి. ఏసీ గదిలో వేడి హ్యూమిడిఫయర్ నడుస్తుంటే గొట్టం వంపులో నీరు చేరి గుడగుడలాడుతుంది, ఆ కుదుపులను మెషీన్ శ్వాసలనుకుంటుంది. నీళ్లను రోగివైపు పోకుండా వంచి పారబోసి, గొట్టానికి గుడ్డ చుట్టండి లేదా హ్యూమిడిఫయర్ వేడి ఒక మెట్టు తగ్గించండి. ఇవన్నీ చూశాకే ట్రిగ్గర్ సున్నితత్వం ఒక మెట్టు తగ్గించాలి.

మాస్కు దగ్గర ఆక్సిజన్ గానీ నెబ్యులైజర్ గానీ కలిపినా ఇదే రకం తికమక. ఆ గాలి మెషీన్ సెన్సర్‌ను దాటాక కలుస్తుంది. నెబ్యులైజర్‌తో 6–8 లీటర్లు ఒక్కసారిగా చేరితే మెషీన్ పంపే గాలి అంత మేరకు తగ్గుతుంది, కాసేపు రోగి ప్రయత్నాలు దానికి అందవు. బలహీనమైన కండరాలున్న రోగిలో నెబ్యులైజర్ సమయంలో పక్కనే ఉండండి. ఆక్సిజన్ విషయంలో ఇంకో నియమం: మెషీన్ ఆన్ చేశాకే ఆక్సిజన్ తెరవాలి, ఆక్సిజన్ కట్టేశాకే మెషీన్ ఆపాలి. లేకపోతే పెట్టెలో ఆక్సిజన్ పేరుకుని నిప్పు ప్రమాదం.

అడుగు 5: రైజ్ టైమ్

ఈపాప్ నుంచి ఐపాప్‌కు ఎక్కడానికి పట్టే సమయం ఇది. గాలికోసం ఆరాటపడే సీఓపీడీ రోగికి 100–200 మిల్లీసెకన్లు, కండరాల జబ్బుతో నెమ్మదిగా ఊపిరి తీసేవారికి 300–400 నప్పుతాయి. మరీ వేగంగా పెడితే తొలి ఫ్లో శిఖరం ఎత్తుగా లేస్తుంది, మాస్కు ఎగిరి లీకవుతుంది. తర్వాతి అడుగులోని శాతం ఆ శిఖరం మీదే లెక్క కాబట్టి మెషీన్ ఇచ్చే ఊపిరి ముందే ఆగిపోతుంది కూడా.

అడుగు 6: సైకిల్ – ఊపిరి ఎప్పుడు ఆపాలి

ట్రిగ్గర్ గురించి అందరూ మాట్లాడతారు. నిజానికి మంచం పక్కన గంటలు తినేసేది ఇదే. మెషీన్ ఐపాప్‌ను ఎప్పుడు ఆపాలో ఫ్లోను చూసి నిర్ణయిస్తుంది. శిఖర ఫ్లోలో ఒక శాతానికి, సాధారణంగా 25కి పడగానే ఈపాప్‌కు దిగుతుంది. ఆ 25 శాతం అందరికీ ఎందుకు సరిపోదో రెండు ఊపిరితిత్తులను పోల్చితే తెలుస్తుంది.

ఫ్లో పడిపోయే వేగం రెసిస్టెన్స్‌ను (గాలిదారుల అడ్డు) కంప్లయన్స్‌తో (ఊపిరితిత్తులు సాగే గుణం) గుణిస్తే వచ్చే సమయాన్ని బట్టి ఉంటుంది. సీఓపీడీ రోగిలో రెసిస్టెన్స్ 20 (సెకనుకు లీటరు ఫ్లోకు ఇన్ని సెం.మీ.), కంప్లయన్స్ 0.08 (సెం.మీ.కు ఇన్ని లీటర్లు) అనుకుంటే అది 1.6 సెకన్లు. ఫ్లో 25 శాతానికి పడటానికి దాదాపు 2.2 సెకన్లు కావాలి. నిమిషానికి 25 సార్లు ఊపిరి తీస్తున్న మనిషికి ఒక శ్వాస మొత్తానికే 2.4 సెకన్లు! వదలడానికి సమయమే మిగలదు. రోగి పొట్ట బిగించి మెషీన్‌కు ఎదురు ఊదుతాడు. ప్రెషర్ గీత చివర చిన్న కొమ్ములా లేస్తుంది. అదే సైకిల్‌ను 50 శాతానికి పెడితే 1.1 సెకన్లలో ఆగుతుంది.

వెన్ను వంగి ఛాతీ బిగుసుకుపోయిన రోగిలో రెసిస్టెన్స్ 6, కంప్లయన్స్ 0.03 అయితే ఆ సమయం 0.18 సెకన్లు. 25 శాతానికి పావు సెకనులోనే ఫ్లో పడిపోతుంది. రోగి ఇంకా లాగుతూనే ఉంటాడు, మెషీన్ ఆపేస్తుంది, ఆ మిగిలిన లాగుడుకు మళ్లీ ట్రిగ్గర్ అవుతుంది. ఒక ప్రయత్నానికి రెండు ఊపిర్లు. దీన్ని ట్రిగ్గర్ తప్పుగా పొరబడి సున్నితత్వం తగ్గిస్తే రోగి అలసిపోతాడు. (రోగి సొంత కండరాల లాగుడు వల్ల అసలు సమయాలు కొంత మారతాయి, దిశ మాత్రం ఇదే.)

కాబట్టి సీఓపీడీలో సైకిల్ 40–50 శాతం, గరిష్ఠ ఇన్‌స్పిరేటరీ సమయం 1.0–1.2 సెకన్లు. ఛాతీ బిగుసుకున్నవారికి, కండరాల జబ్బులవారికి సైకిల్ 10–15 శాతం, కనిష్ఠ సమయం 0.8–1.0 సెకను.

లీకు ఇక్కడ కూడా వేలు పెడుతుంది. ఐపాప్ దగ్గర మాస్కు తెరుచుకుని 25 లీటర్లు కారుతుంటే, మెషీన్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఫ్లో ఎప్పటికీ 25 శాతానికి దిగదు. ఊపిరి సాగుతూనే ఉంటుంది. అప్పుడు రోగిని ఆదుకునేది గరిష్ఠ సమయం ఒక్కటే. ఆటో-ట్రాక్‌లో ఈ గట్టు 3 సెకన్లు, ఆయాసంతో ఉన్నవారికి అది చాలా ఎక్కువ. విడిగా పెట్టుకోవడానికి వీలున్న మెషీన్‌లో దాన్ని ఫ్యాక్టరీ అంకె దగ్గరే వదిలేయకండి.

అడుగు 7: బ్యాకప్ రేటు

ఎస్ మోడ్‌లో రోగి ఊపిరి తీయకపోతే మెషీన్ కూడా ఊరుకుంటుంది. ఎస్/టీ మోడ్‌లో మాత్రం ఎదురుచూసి తానే ఇస్తుంది. రేటు 12 అంటే 60/12, అంటే 5 సెకన్ల గడువు. గత ఊపిరి మొదలైన క్షణం నుంచి గడియారం నడుస్తుంది, రోగి మధ్యలో ట్రిగ్గర్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. కార్బన్ డయాక్సైడ్ పెరిగిన సీఓపీడీలో 16–20, స్థిరంగా ఉన్నవారిలో రోగి సొంత రేటుకు రెండు మూడు తక్కువగా పెట్టడం మంచిది.

రోగి ఆయాసపడుతూ కనిపిస్తున్నా తెరమీద చాలా ఊపిర్లు ‘టీ’ (టైమ్డ్, అంటే మెషీన్ తానే ఇచ్చినవి) అని చూపిస్తుంటే, బ్యాకప్ బాగా పనిచేస్తోందని సంతోషించకండి. రోగి ప్రయత్నాలు మెషీన్‌కు అందడం లేదు, అడుగు 4కి వెనక్కి వెళ్లండి. నిద్రలో టీ ఊపిర్లు వస్తున్నా ఛాతీ లేవకపోతే గొంతు మూసుకుపోయి ఉండవచ్చు. తల స్థానం సరిచేసి, ఆగకపోతే ఈపాప్ పెంచాలి.

ఏవాప్స్ లాంటి వాల్యూమ్ లక్ష్యం ఉన్న మోడ్‌లను ఇవన్నీ కుదిరాకే మొదలుపెట్టండి. ఆదర్శ బరువులో కిలోకు 8 మి.లీ. అని లక్ష్యం పెడితే మెషీన్ ఐపాప్‌ను నెమ్మదిగా అటూఇటూ జరుపుతుంది. కానీ ఆ టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరిలో పోయే గాలి) కూడా కొలిచినది కాదు, లీకు తీసేసి అంచనా వేసినదే. లీకు పెద్దదైతే మెషీన్ లేని అంకెను నమ్మి ప్రెషర్ మారుస్తుంది.

అడుగు 8: పనిచేస్తోందా?

మొదటి పావుగంట మంచం పక్కనే ఉండండి. మెడ కండరాల బిగువు తగ్గడం, రేటు దిగడం, రోగి, మెషీన్ ఊపిర్లు ఒకటికొకటి కలవడం మంచి గుర్తులు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, అయిదు నిమిషాలు చూసి, చార్టులో రాయండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పొట్ట ఉబ్బుతుంటే ఐపాప్ ఎక్కువైందేమో చూడండి.

ఒకటి రెండు గంటల్లో ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) మళ్లీ చేయాలి. పీహెచ్ 7.25కి కిందే ఉండిపోతే, లేదా ఇంకా దిగుతుంటే, రోగి మత్తులోకి జారుతుంటే, కఫం బయటికి రాక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే ఇక మాస్కు, ట్రిగ్గర్ సవరిస్తూ సమయం పోగొట్టకండి. ట్యూబు వేయగల డాక్టర్‌ను అప్పుడే పిలవండి, వారు వచ్చేదాకా ఈపాప్, ఐపాప్ అలాగే నడవనివ్వండి, సక్షన్ (కఫం లాగే పరికరం), అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) చేతికందే దూరంలో పెట్టుకోండి.